ఒకే బ్యాలే, మూడు రికార్డులు

ఇగోర్ స్ట్రావిన్‌స్కీ బ్యాలే ‘ద రైట్ ఆఫ్ స్ప్రింగ్’ 1913 మే 29న పారిస్‌లో తొలిసారి రంగస్థలమెక్కింది. నృత్య దర్శకుడు నిజిన్‌స్కీ కూర్చిన నాట్యమూ, ఆ సంగీతమూ చాలామందికి మింగుడుపడలేదు. హాలంతా అరుపులు, ఈలలు. ఆ గోలలోనూ కండక్టర్ పియర్ మోంటూ ఆర్కెస్ట్రాను ఆపకుండా చివరిదాకా నడిపించాడు. ఆ రాత్రి వినిపించినదానికి రికార్డు లేదు.

పదహారేళ్ల తరవాత, 1929 మేలో, స్ట్రావిన్‌స్కీయే పారిస్‌లో ఆర్కెస్ట్రా ముందు నిలబడి ఆ సంగీతాన్ని కొలంబియా కంపెనీ కోసం రికార్డు చేశాడు. అదే ఏడాది మోంటూ కూడా ఇదే బ్యాలేను రికార్డు చేశాడు. కాగితం మీది స్వరలిపి ఎంత వివరంగా ఉన్నా దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు వాయిస్తారని స్ట్రావిన్‌స్కీకి బెంగ. తన ఉద్దేశం రికార్డులోనైనా నిలవాలని ఆయన పట్టుదల. 1925లో పియానోకు రాసిన ‘సెరనేడ్ ఇన్ ఏ’లో ఒక్కో భాగం గ్రామఫోను ప్లేటు ఒక్కో వైపు సరిపోయేలా కొలిచి మరీ కూర్చాడు.

బ్యాలే విషయంలో ఆ సౌకర్యం లేదు. ప్లేటుకు ఒక వైపు పట్టేది నాలుగైదు నిమిషాలే. ఈ రచనేమో అరగంట దాటుతుంది. ముక్కలుగా ఆపి ఆపి వాయించాలి. మధ్యలో ఎవరైనా తప్పితే ఆ ముక్కంతా మళ్లీ మొదటికొస్తుంది, అతికించే వీలు లేదు. పైగా చివరి ‘బలి నృత్యం’లో తాళం దాదాపు అడుగడుగునా మారిపోతుంది. స్ట్రావిన్‌స్కీ 1929 రికార్డులో అక్కడ వాద్యకారులు తడబడటం స్పష్టంగా వినిపిస్తుంది. అయినా ఆ తడబాటులోనే ఈ సంగీతం అప్పటికి ఎంత కొత్తదో తెలుస్తుంది. నున్నగా సాగే నేటి రికార్డుల్లో ఆ ఒడుదొడుకు దొరకదు.

1940లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో, 1960లో కొలంబియా సింఫనీ ఆర్కెస్ట్రాతో స్ట్రావిన్‌స్కీ మళ్లీ రికార్డు చేశాడు. మూడింటిలోనూ నడక ఒక్కటి కాదు. ఈలోగా 1943లో బలి నృత్యం స్వరలిపినే తిరగరాశాడు. ‘స్వరకర్త అసలు ఉద్దేశం’ అంటూ ఏ ఒక్క రికార్డునో ప్రమాణంగా పట్టుకోవడం అందుకే కుదరదు.

1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి వెళ్లిన బంగారు పూత రికార్డులో ఈ బలి నృత్యం ఉంది, స్ట్రావిన్‌స్కీ నడిపించినదే.

కొత్తగా వినేవాళ్లు శబ్దం తేటగా ఉన్న 1960 రికార్డుతో మొదలుపెడితే మంచిది. చెవికి అలవాటయ్యాక, గరగరలకు వెనకాడకుండా 1929 నాటిది తప్పక వినాలి.