గుర్రపుడెక్కకు మేత ఎవరు పెడుతున్నారు?

ద్రాక్ష తోటలకు పేరుబడ్డ మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇప్పుడు ఎటు చూసినా కాలనీలే. శుద్ధి కాని మురుగు పల్లమెరిగి చెరువులోకి చేరుతుంది. ఇక గుర్రపుడెక్కకు పండగే. దాన్ని పీకించడానికి డబ్బు పోస్తారు గాని, మేత ఆపరు!

ఆ మేత మన మలమూత్రాల్లోని నత్రజని, భాస్వరం. రైతు క్యూలో నిలబడి 45 కిలోల యూరియా బస్తాలో కొనుక్కునే నత్రజనే అది. ఆ నీరు వరికి పారిస్తే మంచిదే గదా అంటారు కొందరు. కాని మోతాదు రైతు చేతిలో ఉండదు. పొట్టదశ దాటినా నత్రజని అందుతుంటే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, దోమపోటు వస్తుంది.

దీన్ని తీసేది సూక్ష్మజీవులే. తొట్టిలోకి గాలి ఊదితే ఒక రకం జీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. గాలి ఆపితే మరో రకం ఆ నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకుని, నత్రజనిని గాలిలోకి వదిలేస్తాయి. భాస్వరం అలా ఎగిరిపోదు. ముందు గాలి లేకుండా ఉంచి, తర్వాత గాలి ఇస్తే కొన్ని జీవులు దాన్ని ఆబగా మింగుతాయి. వాటితోపాటు బురదగా తోడేయాలి. ఆ బురద ఎరువే, ఫ్యాక్టరీ మురుగు కలవకపోతే.

2021లో హైదరాబాద్ జలమండలి 31 శుద్ధి కేంద్రాలు తలపెట్టింది. బాగానే ఉంది. కాని 2017 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన ప్రమాణాల్లో నత్రజనికీ, భాస్వరానికీ హద్దే పెట్టలేదు! 2019లో హరిత ట్రిబ్యునల్ కఠిన ప్రమాణాలు కావాలంది. కేంద్రం వదిలే నీటిలో లీటరుకు ఈ రెండూ ఎంతెంతో చెరువుకట్ట మీద బోర్డు రాయించమని ఆయకట్టు రైతులు అడగాలి.