ఒంటి సిలిండరా? జంట సిలిండరా?

నాలుగు చక్రములకును శక్తినందించు ఏ.టి.వి. బండి కొనదలచినవారు ముందుగా దాని ఇంజను సంగతి తెలిసికొనవలెను.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్కొక్క సిలిండరు ఒకేసారి శక్తినిచ్చును. కనుక ఒంటి సిలిండరు ఇంజనులో కుదుపు హెచ్చు. దీనిని తగ్గించుటకే బరువైన ఫ్లైవీలు అమర్చుదురు. జంట సిలిండర్లలో అవే రెండు చుట్లలో రెండు మారులు శక్తి పుట్టును. నడక మెత్తగా నుండును.

1986లో వచ్చిన హోండా ఫోర్‌ట్రాక్స్ 350 ఒంటి సిలిండరు బండియే. పోలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 ఒంటి సిలిండరుతో 44 అశ్వశక్తి నిచ్చును. అదే కంపెనీవారి జంట సిలిండర్ల 850 మోడలు 78 అశ్వశక్తి నిచ్చును.

అయితే జంట సిలిండర్లలో పిస్టన్లు, వాల్వులు ఎక్కువ; అందుచే ధర, మరమ్మతు ఖర్చు కూడ ఎక్కువే. పచ్చిగడ్డి, ఎరువు మోయుటకు, చిన్న ట్రెయిలరు లాగుటకు ఒంటి సిలిండరు చాలును. నిత్యము నిండు బరువుతో ఎత్తుదారు లెక్కువారికి జంట సిలిండర్లు మేలు.

అశ్వశక్తి అంకె చూచి భ్రమపడవద్దు. తేలికైన ఈ బండి దుక్కి ట్రాక్టరునకు బదులు కాజాలదు. ట్రెయిలరులో కంపెనీవారు చెప్పిన బరువును మించరాదు. మించినచో పల్లములో బ్రేకులు నిలువవు. విడిభాగములు, పనితెలిసిన మెకానిక్కు దగ్గరలో దొరకునా అని విచారించిన పిదపనే అప్పునకు పూనుకొనుడు.