గ్లాసులో చచ్చింది సరే, డ్రమ్ములో?

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే మరమగ్గాల చప్పుడులో తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలవి. డెంగీని మోసే ఈడిస్ దోమకు, ఇళ్లలో నీళ్లు పట్టి పెట్టుకునే డ్రమ్ముకు మించిన పురిటిగది లేదు. సూరత్‌ను 1994లో ప్లేగు వణికించాక, మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన మన తెలుగు ఐఏఎస్ ఎస్.ఆర్.రావు చెత్త ఊడ్పించి ఊరి రూపే మార్చేశారు. దోమ మాత్రం చీపురుకు లొంగే రకం కాదు.

తాగే నీళ్లలో దోమ పిల్లల్ని (లార్వాలను) చంపే టెమిఫాస్ కలుపుతామంటే ఏ ఇల్లాలైనా మొహం చిట్లిస్తుంది. వేప ఉండగా రసాయనం ఎందుకని అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు దొరికేది ప్రయోగశాలలో.

కప్పులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూడో నాలుగో దశ లార్వాలను పాతిక వదులుతారు. ఈడిస్ పిల్ల తోక చివరి గొట్టాన్ని పైకి ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. మలేరియా అనాఫిలిస్‌ది నీటిమట్టానికి సమాంతరంగా తేలే తీరు. ఆకుసారం కలిపి 24 గంటలు ఆగి సూదితో కదిపి చూస్తారు. కదలనిది చచ్చినట్టు. పక్కన మందు లేని కప్పు కూడా ఉండాలి. అందులోనూ అయిదో వంతు చచ్చాయంటే ప్రయోగం మొత్తం చెత్తబుట్టకే. ఈ కప్పును దాటి రాలేకపోయిన ‘అద్భుత మూలికలు’ ఎన్నో!

వేపది ఇంకో తిరకాసు. అందులోని అజాడిరక్టిన్ లార్వాను అక్కడికక్కడే చంపదు, కుబుసం విడవనివ్వకుండా ఎదుగుదలను అడ్డుకుంటుంది. ఒక్కరోజు లెక్క చూస్తే వేప ఓడిపోయినట్టే. పైగా ఎండ తగిలితే ఆ పదార్థం విరిగిపోతుంది.

మోతాదు సంగతీ చూడండి. ఓ ఆకుసారం లీటరుకు 100 మిల్లీగ్రాములైతే పనిచేస్తుందనుకుందాం. 200 లీటర్ల డ్రమ్ముకు 20 గ్రాములు కావాలి. టెమిఫాస్ అసలు మందు 0.2 గ్రాములు చాలు. ఆ 20 గ్రాముల చేదు నీళ్లు ఎవరు తాగుతారు?

ఒంటికి రాసుకునే మందులదీ ఇదే వరస. మలేరియా పరిశోధకుడు వి.పి.శర్మ బృందం 1993లో ప్రచురించిన పరీక్షలో కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె అనాఫిలిస్ కాట్ల నుంచి 12 గంటలు పూర్తిగా కాపాడింది. బొలీవియా అడవుల్లో 2002 నాటి పరీక్షలో వేప మందు నాలుగు గంటల్లో ఇచ్చిన రక్షణ సుమారు 57 శాతమే. నిమ్మవాసన యూకలిప్టస్ నుంచి తీసిన పీఎండీ మాత్రం 97 శాతం దాకా నిలిచింది. చెట్టుదైనంత మాత్రాన అన్నీ ఒక్క గాటన కట్టకూడదన్నమాట.

అన్నట్టు, డెంగీ కేసు వచ్చిన ఇంట్లో కొట్టే పైరెత్రమ్ చామంతి జాతి పువ్వుల సారమే. 2 శాతం సారం ఒక పాలు, కిరోసిన్ 19 పాళ్లు. గదిలో ఎగిరే దోమలు టపటపా రాలతాయి. డ్రమ్ములో లార్వాకు మాత్రం అది అందదు. వారానికోసారి డ్రమ్ము వంచి, లోపలి అంచును పీచుతో రుద్దాల్సిందే. ఈడిస్ గుడ్లు అంటుకునేది అక్కడే.