రోడ్డుకు తలలెక్క

భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో తెరిచారు. సర్కారు డబ్బు పెట్టింది, బస్సులు, లారీలు ఏరు దాటినయి. మరి చిన్న గుంపులకు?

2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. మైదానంలో 500 మంది, గిరిజన ప్రాంతంలో 250 మంది ఉంటేనే ఆ ఊరికి రోడ్డు. తర్వాత నక్సలైట్ల ప్రభావం ఉన్న చోట్ల 100కు తగ్గించారు.

మన ఖానాపురం హవేలిలో గేటు దాటితే ఆటో. మా గుంపులో 19 ఇళ్ళు, కాలిబాటే. అందుకే షావుకారు తన తక్కెడతో వచ్చి, తన ధరకే చింతపండు కొంటాడు. సంతకు మోస్తే నలుగురు బేరగాళ్ళు ఉంటారు, ధర పెరుగుతది. కానీ బుట్ట ఎంత దూరం మోస్తారు?

సెలవుల్లో నేనే ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టిన. పసిపిల్లలతో కలిపి 87 మంది. వందకు 13 తక్కువ.

అమ్మకు చెప్తే, "మన మేకలు పదిహేను ఉన్నయి గదా, వాటినీ రాయి బిడ్డా" అన్నది.