కోటకో మజిలీ... మజిలీకో కథ!

ఒక పక్క నది, ఇంకో పక్క ద్రాక్షతోటలు, మలుపు తిరిగితే తెల్లరాతి కోట. ఫ్రాన్స్‌లోని ల్వార్ లోయను చూడటానికి సైకిల్‌ని మించిన వాహనం లేదు. ఎందుకంటే అక్కడి కోటల్లో చాలావాటిని కట్టించింది ఒకచోట కుదురుగా ఉండని రాజులూ, వాళ్ల కొలువులోని వాళ్లే!

అడవి మధ్యలో దారి తిన్నగా సాగిపోతుంటుంది. అటూ ఇటూ ఓక్ చెట్లు. చక్రాల చప్పుడు, పిట్టల కూతలు తప్ప ఇంకేం వినపడదు. అంతలో చెట్లు పలచబడి, ఆకాశంలో ఓ చిన్న ఊరే తేలుతున్నట్టు బురుజులు, శిఖరాలు, పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే షాంబోర్. నాలుగొందలకు పైగా గదులు, 282 నిప్పుగూళ్లు. చుట్టూ ఉన్న వేట అడవికి 32 కిలోమీటర్ల ప్రహరీ. ఆ గోడ లోపలి స్థలం దాదాపు పారిస్ నగరమంత!

ఇంత పెద్ద భవనాన్ని 1519లో మొదలుపెట్టిన మొదటి ఫ్రాన్స్వా 32 ఏళ్లు రాజ్యం చేశాడు. ఇక్కడ గడిపింది మాత్రం అన్ని రోజులూ కలిపినా పట్టుమని మూడు నెలలు లేదు.

ఆ కాలంలో ఫ్రెంచి రాజుకు ఒకచోట కాపురం లేదు. కొలువంతా ఆయన వెంటే కదిలేది. వేలమంది మనుషులు, వేల గుర్రాలు. మంచాలు, తివాచీలు, వంటపాత్రలు బండ్లకెక్కేవి. రాజు దిగేదాకా కోట ఖాళీగా ఉండేది, వెళ్లాక మళ్లీ ఖాళీ అయ్యేది. ఫ్రెంచిలో ఫర్నిచర్‌ని ‘మబ్ల్’ అంటారు. ‘కదిలించగలిగేది’ అని దానర్థం. ఆనాటి రోడ్డు బతుకు ఆ మాటలో ఇంకా నిలిచే ఉంది.

అంటే ఇవి మజిలీలు. కాశీ మజిలీ కథల్లో కాశీకి తోడు రావడానికి గోపకుమారుడు, దారిలో చూసిన ప్రతి వింతకీ ఒక కథ చెప్పాలని మణిసిద్ధుడికి షరతు పెడతాడు. ల్వార్ లోయలో సైకిల్ తొక్కేవారికి ఆ షరతు అక్కర్లేదు. గంటకో వింత ఎదురొచ్చి తన కథ తానే చెబుతుంది.

కరకట్ట మీద సవారీ

ల్వార్ ఫ్రాన్స్‌లోకెల్లా పొడవైన నది. వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి అట్లాంటిక్‌లో కలుస్తుంది. వేసవిలో ఇసుక తిన్నెలు తేలి, పాయలుగా చీలి, మధ్యలో పచ్చటి లంకలతో కనిపిస్తుంది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు ఆ నది కొత్తగా అనిపించదు. వరదను ఆపడానికి 12వ శతాబ్దం నుంచీ కట్టుకుంటూ వచ్చిన కరకట్టలున్నాయి. సైకిల్ దారి చాలాచోట్ల వాటి మీదుగానే పోతుంది.

‘ల్వార్ ఆ వెలో’ అని పిలిచే ఈ మార్గం నెవేర్ పట్టణం దగ్గర మొదలై సముద్రందాకా సుమారు 900 కిలోమీటర్లు. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం వరకు యూరప్‌ను అడ్డంగా దాటే ‘యూరోవెలో 6’ దారిలో ఇదీ ఒక భాగం. నది పక్కన నేల చదునుగా ఉంటుంది. ఒక నదిని వదిలి పక్క నదికి వెళ్లాలంటే మాత్రం మధ్యలోని మెట్టను ఎక్కి దిగాలి. గోధుమ చేలు, అడవులు, ద్రాక్షతోటల మీదుగా రోడ్డు అలల్లా లేచి పడుతుంది. రోడ్డు సైక్లింగ్ ఇష్టమైనవాళ్లకు అసలు పండగ అక్కడే. 1896లో పుట్టిన పారిస్-తూర్ సైకిల్ పందెం ఇప్పటికీ ఈ లోయకే వచ్చి ముగుస్తుంది. 2018 నుంచి ద్రాక్షతోటల మధ్య మట్టిబాటల్నీ ఆ పందెంలో కలిపారు.

కోటలన్నీ ఇక్కడే ఎందుకు? నూరేళ్ల యుద్ధంలో పారిస్ శత్రువుల చేతికి చిక్కినప్పుడు రాజు ఈ లోయకు తరలివచ్చాడు. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ ఆయన్ను కలిసింది ఈ ప్రాంతంలోని షినోన్ కోటలోనే. శాంతి వచ్చాక కూడా రాజులు ఈ చోటిని వదల్లేదు. వేటకు అడవులు, సరుకుకు పడవలు, కట్టడానికి ‘తుఫో’ అనే మెత్తటి తెల్ల సున్నపురాయి దగ్గరే ఉన్నాయి. ఆ రాయి తవ్విన గుహల్లో ఇప్పుడు వైన్ నిల్వ చేస్తున్నారు, పుట్టగొడుగులు పెంచుతున్నారు. కొన్నింటిలో మనుషులే కాపురముంటున్నారు.

గడప తగిలి పోయిన రాజు

బ్లువా పట్టణం నుంచి నది వెంట సుమారు 40 కిలోమీటర్లు తొక్కితే ఆంబ్వాజ్. ఇటలీ మీద దండెత్తి అక్కడి కళాకారుల్ని వెంటబెట్టుకొచ్చిన ఎనిమిదో చార్లెస్ ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పోయాడు. 1498లో బంతాట చూడటానికి హడావుడిగా వెళ్తుంటే తలుపు పైగడప నుదుటికి తగిలింది. కొన్ని గంటల్లోనే ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు.

1516లో లియొనార్డో డా విన్సీ 64 ఏళ్ల వయసులో ఆల్ప్స్ దాటి ఫ్రాన్స్వా పిలుపు మీద ఇక్కడికే వచ్చాడు. తనతో తెచ్చుకున్న చిత్రాల్లో మోనాలిసా ఒకటి. 1519 మే 2న క్లో లూసే భవనంలో కన్నుమూశాడు. ఆయనదని భావించే సమాధి ఆంబ్వాజ్ కోటలోని చిన్న ప్రార్థనాలయంలో ఉంది. షాంబోర్‌లో రెండు మెట్లదారులు ఒకదాన్నొకటి కలవకుండా మెలికలు తిరిగే మెట్లు ఆయన ఆలోచనే అంటారు గానీ రుజువు లేదు. మోనాలిసా మాత్రం షాంబోర్‌కు వచ్చింది. 1939లో యుద్ధ భయంతో లూవ్ర్ మ్యూజియం నుంచి తరలించిన కళాఖండాలను మొదట దాచింది అక్కడే.

నది మీద నిలిచిన ఇల్లు

ఆంబ్వాజ్ వదలగానే ఎక్కుడు. అడవిలో కాసేపు ఊపిరి బిగబట్టి తొక్కాక షేర్ నది వైపు దిగుడు. సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే షెనన్సో. నదికి అడ్డంగా వంతెన, వంతెన మీద మేడ!

ఇది ఆడవాళ్లు నిలబెట్టిన కోట. రెండో ఆన్రీ దీన్ని తన ప్రియురాలు డయాన్ ద పువాతియేకు ఇచ్చాడు. వంతెన ఆమె వేయించింది. 1559లో ఈటెల పోటీలో గాయపడి రాజు చనిపోగానే పట్టపురాణి కాథరీన్ ద మెదిచీ కోటను తీసేసుకుని డయాన్‌కు బదులుగా షోమోన్ కోట ఇచ్చింది. ఆ వంతెన మీదే 60 మీటర్ల మేడ కట్టించింది. నాట్యాలకు కట్టిన ఆ మేడ మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి అయింది. రెండు వేల మందికి పైగా క్షతగాత్రులు అక్కడ చికిత్స పొందారు. రెండో యుద్ధంలో షేర్ నదే సరిహద్దు. ఒక గట్టు నాజీల ఆక్రమణలో, రెండో గట్టు బయట. ఈ తలుపులో దూరి ఆ తలుపులోంచి బయటపడి ఎందరో ప్రాణాలు దక్కించుకున్నారు. అవతలి గట్టున బాట మీద సైకిల్ ఆపి చూడండి. నీళ్లలో నీడతో సహా మొత్తం కోట కనిపిస్తుంది.

కూరగాయలకో రాజమందిరం

తూర్ నగరం దాటి పడమటికి సాగితే విలాండ్రీ. ఇక్కడ కోట కన్నా తోట గొప్పది. 1906లో దీన్ని కొన్న స్పెయిన్ శాస్త్రవేత్త హువాకిన్ కార్వాల్యో, పాడైన కోటను బాగుచేసి పాతకాలపు తోటను మళ్లీ వేయించాడు. తొమ్మిది చతురస్రాల్లో క్యాబేజీ, బీట్‌రూట్, గుమ్మడి రంగురంగుల ముగ్గుల్లా పెరుగుతుంటాయి. ఏడాదికి రెండుసార్లు నాట్లు మారుస్తారు.

మళ్లీ ఓ మెట్ట ఎక్కి దిగితే ఆంద్ర్ నది పాయల మధ్య అజే లె రిదో కోట. దాన్ని కట్టించిన జిల్ బెర్తెలో రాజుగారి ఖజానా అధికారి. లెక్కల్లో అవకతవకలు బయటపడటంతో పని పూర్తికాకముందే పారిపోయాడు, కోటను రాజు జప్తు చేశాడు.

వెళ్లాలనుకుంటే...

మే, జూన్, సెప్టెంబరు నెలలు అనువైనవి. పారిస్ నుంచి తూర్‌కు వేగపు రైల్లో గంటకు పైచిలుకు ప్రయాణం. సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. ‘ఆక్కే వెలో’ గుర్తున్న బసల్లో సైకిల్‌కు భద్రమైన చోటు, మరమ్మతు పనిముట్లు ఉంటాయి. ఊరి బయట సైకిల్‌ను దాటే కారు కనీసం మీటరున్నర దూరం వదలాలన్నది అక్కడి చట్టం.

సుల్లీ నుంచి షలోన్ వరకు 280 కిలోమీటర్ల లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోటలతో పాటు నదినీ, ఊళ్లనూ, తోటల్నీ కలిపే ఆ గౌరవం. కార్లో రోజుకు మూడు కోటలు చూసేసి రావచ్చు గానీ వాటి మధ్యనున్న ఇదంతా కిటికీ అవతలే మిగిలిపోతుంది. వెళ్తే సైకిల్ మీదే వెళ్లండి. రోజుకో కోట చాలు. దాని కథ పూర్తిగా విన్నాకే, మర్నాడు తర్వాతి మజిలీకి బయల్దేరండి.