నర్సమ్మ మందు ఇచ్చే ముందు...

పిల్లాడికి ఒళ్లు కాలిపోతున్నా, అత్తగారికి బీపీ బిళ్లలు అయిపోయినా, నెల తప్పిన కోడలు నీరసంగా ఉందన్నా ఇల్లాలికి కాలు నిలవదు. కాకినాడ, రాజమండ్రి పెద్దాసుపత్రులు అందరికీ పక్కవీధిలో ఉండవు కదా! కోనసీమ లంకల్లోనైతే గోదావరికి వరదొస్తే పడవ దాటితేగాని ఆసుపత్రి మొహం చూడలేం. అలాంటప్పుడు అందుబాటులో ఉండేది ఊరి ఆరోగ్య కేంద్రం, అందులోని నర్సమ్మ.

"ఆవిడ డాక్టరు కాదుగా, మందులెలా ఇస్తుంది?" అని కొందరి అనుమానం. "ఓ సూది పొడిచేయండమ్మా, తగ్గిపోద్ది" అని మరికొందరి తొందర. రెండూ సరికాదు.

ఎంతవరకు ఇవ్వొచ్చు?

అమెరికాలో 1965లోనే నర్స్ ప్రాక్టీషనర్ల శిక్షణ మొదలైంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో వాళ్లు సొంతంగా మందుల చీటీ రాస్తారు. మన దగ్గర అంత స్వేచ్ఛ లేదు. 2018లో ఆయుష్మాన్ భారత్ ప్రకటించాక, ఉపకేంద్రాల్లో ఏఎన్ఎంలకు తోడుగా నర్సింగ్ డిగ్రీ చదివి ప్రత్యేక శిక్షణ పొందినవారు వచ్చారు. మన రాష్ట్రంలో వీరిని ఎంఎల్‌హెచ్‌పీలంటారు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కూడా, పరిమిత లైసెన్సు పొందిన సామాజిక ఆరోగ్య కార్యకర్తలు ప్రాథమిక, నివారణ వైద్యం వరకే నిర్దేశించిన మందులు సొంతంగా రాయవచ్చంది. మిగతావన్నీ డాక్టరు పర్యవేక్షణలోనే.

బీపీ, సుగరు మందు మొదలుపెట్టేది డాక్టరే. నెలనెలా పరీక్షించి ఆ మందు అందించేది నర్సమ్మ. సందేహమొస్తే ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టరుతో మాట్లాడిస్తుంది. కేంద్రాల్లో ఈ ఏర్పాటు 2019 నవంబరులో మొదట మన ఆంధ్రప్రదేశ్‌లోనే వచ్చింది.

వయసుకో లెక్క

పసిపిల్లలకు మందు బరువును బట్టే. పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, మామూలు సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 మాత్రమే ఉంటుంది. చుక్కల మందును చెంచాతో పోస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి! నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. ఇంట్లో మిగిలిన బిళ్లను సగం విరిచి పిల్లలకు వేయకండి.

విరేచనాలైతే ఓఆర్ఎస్‌తోపాటు జింకు ఇస్తారు. ఆరు నెలలలోపు వారికి 10, పైబడితే 20 మిల్లీగ్రాములు. విరేచనాలు తగ్గినా పద్నాలుగు రోజులూ వేయాల్సిందే. రెండు నెలలలోపు బిడ్డ పాలు తాగకపోతే మాత్రం ఇంటివైద్యం వద్దు, వెంటనే చూపించాలి.

గర్భిణులకు రోజుకో ఐరన్ బిళ్ల 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. బిళ్ల వేసుకోగానే టీ, కాఫీ తాగకండి. తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పికి బడ్డీకొట్లో బిళ్ల కొని మింగుతుంటారు. అవి బీపీని పెంచుతాయి, మూత్రపిండాలకూ చేటు చేస్తాయి.

మీరు చెప్పాల్సినవి

నర్సమ్మ అడిగేదాకా ఆగకండి. పిల్లల వయసు, బరువు, జ్వరమొచ్చి ఎన్నాళ్లయిందో చెప్పండి. నెల తప్పిందా, పాలిస్తున్నారా, ఏ మందైనా పడదా అన్నవీ దాచవద్దు. ఇంట్లో వాడుతున్న బిళ్లలన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఎంత, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు వేయాలో ఆవిడ చేత కాగితం మీద రాయించుకోండి.

"ఇది నా వల్ల కాదమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంటే ఆవిడకేమీ రాదని చిన్నచూపు చూడకండి. ఎక్కడ ఆగాలో తెలియడమే ఆవిడ చదువు. సూది కోసం పట్టుబట్టి కాలయాపన చేస్తే నష్టపోయేది మన ఇంటివాళ్లే. ఆ మాట వినగానే బండి కట్టించండి.