పాత చిన్న పడవ: పరిశీలన, మరమ్మతు, అభ్యాసం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• వాడిన పడవ లోపాలను గుర్తించగలుగుతారు.
• ఫైబర్ పడవ పగులును సరిచేసే క్రమాన్ని వివరించగలుగుతారు.
• పడవ మోయగల బరువును లెక్కగట్టి, దాన్ని సురక్షితంగా నడపడంలోని మెలకువలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు చెరువుల్లో చేపలు పట్టేవారికి తెప్ప చాలు. సిరిసిల్ల జిల్లాలో మానేరు మీద మాన్వాడ వద్ద కట్టిన మధ్యమానేరు జలాశయం వంటి విశాలమైన నీటిలో పడవ అవసరం. కొత్తది కొనలేనివారు వాడిన ఫైబర్ పడవ కోసం చూస్తారు. పగులు పూడ్చి రంగు వేయగానే మరమ్మతు ముగిసిందనుకోవడం సహజం. కాని ఆ పడవ ఎంత బరువుకు ఎంత మునుగుతుందో మీకు తెలిసే వరకు ఆ పని పూర్తి కానట్లే.

2. కొనేముందు పరిశీలన

పడవను బోర్లించి అడుగుభాగాన్ని చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమని మోగుతుంది. పొరలు విడిపోయినచోట శబ్దం మందంగా వస్తుంది. తరవాత వెల్లకిలా పెట్టి, అడుగున దిమ్మెలు అమర్చి, లోపల బెత్తెడు నీళ్లు పోయండి. చెమ్మ కారినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. చివరగా ఇద్దరు మనుషులతో ఎత్తించి చూడండి. ఆ పరిమాణపు పడవకు ఉండవలసినదానికంటే బరువుగా తోస్తే, రెండు పొరల మధ్య నీరు చేరి ఉండవచ్చు.

3. పగులు పూడ్చడం

మొదటి నియమం, పడవ పూర్తిగా ఆరాలి. తడి మీద రెజిన్ అంటదు. పగులు చుట్టూ పాత రంగును ఎమరీ పేపరుతో గీకి, అంచులను ఏటవాలుగా అరగదీయండి. పగిలిన మందానికి సుమారు 12 రెట్ల వెడల్పున ఈ వాలు ఉంటే అతుకు గట్టిగా నిలుస్తుంది. తరవాత ఫైబర్ గ్లాస్ చాప ముక్కలను రెజిన్‌తో తడుపుతూ, గాలి బుడగలు లేకుండా బ్రష్‌తో అదుముతూ, పొర మీద పొర వేయాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు తప్పనిసరి. రెజిన్‌ను గట్టిపరచే హార్డెనర్‌ను, కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను నేరుగా ఒకదానితో ఒకటి కలపరాదు; పేలుడు జరగవచ్చు. ఒకదాన్ని రెజిన్‌లో బాగా కలిపిన తరవాతే రెండోది వేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, మాస్కు ధరించి, గాలి ఆడే నీడలో పని చేయాలి. మన ఎండల్లో రెజిన్ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. మూడోది, పాలిస్టర్ రెజిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. పడవ తేలడానికి లోపల థర్మోకోల్ అమర్చదలిస్తే రెజిన్ పని ముగిసి, గట్టిపడిన తరవాతే అమర్చండి.

4. బరువు లెక్క

తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువు గల నీటిని పక్కకు తొలగిస్తుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, చదునైన అడుగు ఉన్న పెట్టెలాంటి పడవ ఒక సెంటీమీటరు మునిగితే 30 లీటర్ల నీటిని తొలగిస్తుంది. అంటే ప్రతి 30 కిలోలకు ఒక సెంటీమీటరు మునుగుతుంది. పడవ 60, ఇద్దరు మనుషులు 120, వల, చేపలు 60 కిలోలైతే, మొత్తం 240 కిలోలకు అది 8 సెంటీమీటర్లు మునుగుతుంది. ముక్కు సన్నగా ఉండే పడవ ఇంకా ఎక్కువ మునుగుతుంది.

లోపల చేరిన 90 లీటర్ల నీరు మరో 3 సెంటీమీటర్లు ముంచుతుంది. అంతకంటే ప్రమాదం మరొకటి ఉంది. వల వేసినచోటే ఉంటుంది. నీరు అలా ఉండదు. పడవ ఎటు ఒరిగితే అటే పరిగెత్తి, ఆ ఒరుగుదలను పెంచుతుంది. నీళ్లు తోడే డబ్బాను పడవకు తాడుతో కట్టి ఉంచమనేది అందుకే.

5. నడపడం నేర్చుకోవడం

లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డున మరొకరిని ఉంచుకుని, నడుము లోతు నీటిలో మొదలుపెట్టండి. కూర్చునే నడపండి, నిలబడితే గరిమనాభి పైకి జరిగి పడవ సులువుగా ఒరుగుతుంది. కుడివైపు తెడ్డు వేస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది. బోల్తాపడితే ఒడ్డుకు ఈదడానికి ప్రయత్నించకుండా పడవనే పట్టుకుని ఉండండి.

అన్ని నీళ్లూ ఒకటి కావు. చెరువు నిశ్చలంగా ఉంటుంది కాబట్టి అభ్యాసానికి అనువైనది. అయితే ముందుగా అక్కడి మత్స్య సహకార సంఘం అనుమతి తీసుకోండి. మధ్యమానేరులో కొదురుపాక, అనుపురం వంటి ముంపు గ్రామాల గోడలు, చెట్ల మొదళ్లు నీటి కింద ఉండవచ్చు. నీటిమట్టం తగ్గినప్పుడు అవి పడవ అడుగుకు తగులుతాయి. అక్కడ గాలి కూడా గట్టిగా వీస్తుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్తే, అలసి తిరిగివచ్చేటప్పుడు గాలే తోడ్పడుతుంది. ధర్మపురి వద్ద గోదావరిలో స్థానికంగా వాన లేకపోయినా, ఎగువన శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తితే ప్రవాహం పెరుగుతుంది. నదిని దాటేటప్పుడు ముక్కును కొంచెం ఎగువకు తిప్పి ఉంచాలి. వరద రోజుల్లో చిన్న పడవను ఒడ్డుకు లాగి కట్టేయడమే సరైన పని.

6. సారాంశం

పగులును ఆరబెట్టి పూడ్చాలి, బరువును లెక్కగట్టాలి, నీటి స్వభావాన్ని తెలుసుకోవాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలిన రెండూ మిమ్మల్ని కాపాడలేవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై పడవలోకి 60 కిలోల మూడో మనిషి ఎక్కితే అది మొత్తం ఎంత మునుగుతుంది?
జవాబు: 300 కిలోలకు 10 సెంటీమీటర్లు.